కీర్తిశేషులు 15 వేల బడ్జెట్ గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టే వీల్లేదు. ఇక్కడ నేను క్షేమమే, మీరే లేరు.

మీరు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. మా ఆవిడ ఫోన్‌లో 'స్టోరేజ్ నిండిపోయింది' అని ఆ వారంలో నాలుగోసారి వచ్చింది. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫోటోస్ వాళ్లు ఉచితంగా ఎన్నయినా పెట్టుకోమనడం మానేసి 15 జీబీ దగ్గర గీత గీసినప్పటి నుంచీ మా ఇంట్లో ఇదే గోల. పెళ్లి ఫోటోలు, పాప బారసాల, నాన్న ఆఖరి పుట్టినరోజు వీడియో, అన్నీ కలిపి 380 జీబీ. "నెలనెలా అద్దె దేనికి, ఇంట్లోనే సర్వర్ పెట్టేస్తా" అని కరెంటు బిల్లు వెనకాల 'రూ. 15,000' అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. ఆ గీతల్ని చూసి పాపం మీరు నిజంగానే నమ్మారు.

నమ్మడానికి కారణం కూడా ఉంది లెండి. అటక మీద 2014 నాటి డెస్క్‌టాప్ ఉంది. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగు. లోపల 1 టీబీ డిస్క్ కూడా ఉంది. దుమ్ము దులిపి, పాత కంప్యూటర్‌ని ఫైళ్ల సర్వర్‌గా మార్చే ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే పని అయిపోయేది. కానీ ఆ రాత్రి నేను కాలిక్యులేటర్ తీశాను. అది ఊరికే కూర్చున్నా 60 వాట్లు లాగుతుంది. రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 43 యూనిట్లు. అమ్మో! అదే తక్కువ కరెంటుతో నడిచే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ బోర్డయితే డిస్కులతో కలిపి 20 వాట్లలో సర్దుకుంటుంది. నెలకు 29 యూనిట్ల ఆదా. యూనిట్‌కి ఏడున్నర వేసుకుంటే దాదాపు 216 రూపాయలు. ఆ 216 మిగుల్చుకోవడానికి బోర్డు, ర్యామ్, క్యాబినెట్, పవర్ సప్లై కలిపి 14 వేలు పెట్టాను. పెట్టింది వెనక్కి రావాలంటే 5 ఏళ్ల 5 నెలలు పడుతుంది. ఒక్క డిస్క్ కూడా కొనకముందే మీకు వెయ్యి రూపాయల ఊపిరి మిగిలింది.

ఆ ఊపిరితోనే మిమ్మల్ని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి తీసుకెళ్లాను. "బడ్జెట్ ఎంతన్నా?" అని కొట్టతను అడిగాడు. మీ పేరు చెప్పాను. అతను నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. పెన్ను చెవి మీద పెట్టుకుని, తనొక్కడికే చాయ్ చెప్పుకున్నాడు.

చవక డిస్క్ తీసుకుందామా అంటే అది ఎస్ఎంఆర్ అనే రకమేమోనని భయం. పెంకుటింటి మీద పెంకు మీద పెంకు ఎక్కించినట్టు, ఆ డిస్కుల్లో ట్రాకు మీద ట్రాకు కొంచెం ఎక్కి ఉంటుంది. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవన్నీ లేపాలి. ఫోటోలు దాచుకోవడానికి ఫర్వాలేదు గానీ, చెడిపోయిన డిస్క్ తీసి కొత్తది పెట్టి మళ్లీ నింపేటప్పుడు దాని ప్రాణం పోతుంది. నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే పెట్టె) కోసమే అని అమ్మిన వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఇలాంటివేనని 2020లో బయటపడి పెద్ద రచ్చయింది. ఆ తర్వాతే పాత పద్ధతి డిస్కులకు 'రెడ్ ప్లస్' అని పేరు పెట్టారు. అంటే మామూలుగా ఉండాల్సిన డిస్కుకి ఒక 'ప్లస్' తగిలింది. ధర సంగతి మీకు చెప్పక్కర్లేదు. 4 టీబీవి రెండు తీసుకున్నాను, 21 వేలు. 380 జీబీకి 8 టీబీ ఎందుకురా అని మీరు అడగలేదు. అప్పటికే మాట పడిపోయింది కదా.

మీ వంశంలో ఇలా పోయినవాళ్లలో మీరే మొదటివారు కారు. 1988లో బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అనే ముగ్గురు రెయిడ్ (RAID, కొన్ని డిస్కుల్ని జట్టు కట్టి ఒక్కటిగా వాడే పద్ధతి) గురించి రాసినప్పుడు ఆ పేరులో 'ఐ' అంటే 'ఇన్‌ఎక్స్‌పెన్సివ్'. ఒక్క ఖరీదైన పెద్ద డిస్క్ బదులు చవక డిస్కుల గుంపు అన్నది వాళ్ల వాదన. తర్వాత అమ్మేవాళ్లు దాన్ని 'ఇండిపెండెంట్' చేసేశారు. చవకను చడీచప్పుడు లేకుండా సాగనంపారన్నమాట.

యూపీఎస్ సంగతి రాయను, మీ ఆత్మ క్షోభిస్తుంది.

అంతా బిగించి కాపీ మొదలుపెడితే సెకనుకి 11 ఎంబీ. 380 జీబీకి తొమ్మిదిన్నర గంటలు! బోర్డుని తిట్టాను, డిస్కుల్ని తిట్టాను, మీ ఆత్మను కూడా తిట్టాను. చివరికి హాల్లోంచి గోడ వెంట వచ్చిన కేబుల్ కొస చూస్తే, ఎప్పుడో వేసిన కుర్రాడు ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేశాడు. నారింజ జంట, ఆకుపచ్చ జంట. నీలం, గోధుమ రంగు తీగలు తొడుగులోకి మడిచి ఉన్నాయి. గిగాబిట్ వేగానికి ఎనిమిదీ కావాలి. పది రూపాయల కనెక్టర్ రెండు వైపులా మారిస్తే 110 ఎంబీ వచ్చింది. మొత్తం ప్రాజెక్టులో మీరు తట్టుకోగల ఖర్చు అదొక్కటే, అది చివర్లో వచ్చింది.

మూడు వారాల తర్వాత పాప తన కార్టూన్లకు చోటు కావాలని 'తాతయ్య' ఫోల్డర్ డిలీట్ చేసింది. డిస్కులు రెండున్నాయి కదా అన్న ధీమాతో వెళ్లి చూశాను. రెండింట్లోనూ లేదు. నేను ఆ రెండింటికీ పెట్టింది రెయిడ్ 1, అంటే అద్దం. ఇవతల బొట్టు చెరిపేస్తే అద్దంలో మాత్రం ఎందుకు ఉంటుంది? వీడియో చివరికి మా ఆవిడ ఫోన్‌లోనే దొరికింది, నిండిపోయిందని తిట్టిన ఆ ఫోన్‌లోనే.

అప్పుడు తెలిసింది, అసలు కావాల్సింది వేరే ఇంట్లో ఇంకో కాపీ అని. డబ్బుల్లేవు. అటక మీద పాత డెస్క్‌టాప్ దింపి వరంగల్లో అమ్మ ఇంటికి మోసుకెళ్లాను. అమ్మ దాన్ని కాదు, ప్లగ్గును చూసింది.

"ఇది ఎన్ని యూనిట్లు గుంజుతది?"

"43."

2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఎండాకాలం కూలర్ తిరిగితే అమ్మకు 165 వస్తుంది. 165కి 43 కలిపితే ఎంతో ఆవిడ నాకంటే ముందే లెక్క కట్టేసింది.

"200 దాటితే మొత్తం బిల్లు కట్టాలె. నీ ఫోటోల కోసం నేను కూలర్ బంద్ చేసుకోవాల్నా బిడ్డా?"

నాన్న వీడియో కూడా ఇందులోనే ఉంటుందన్నాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆదివారం రెండు గంటలు పెడత. నువ్వు ఫోన్ చేసి యాది చెయ్యి."

వారానికి రెండు గంటలంటే నెలకు అర యూనిట్. డిస్క్ పాతదే, పెట్టె పాతదే. దీనికి మిమ్మల్ని ఒక్క రూపాయి కూడా అడగలేదు, గమనించగలరు.

ఇట్లు,
మీ హంతకుడు