డెవాస్టేటర్ దళం బలం పెట్టెలోనా, బల్ల మీదా?

వార్‌హామర్ 40,000 అనే బొమ్మల యుద్ధపు ఆటలో స్పేస్ మెరైన్ సైన్యం కట్టుకునే కొత్త ఆటగాడికి భారీ తుపాకుల డెవాస్టేటర్ దళాన్ని పరిచయం చేసేటప్పుడు పాతవారు చెప్పే మాట ఒకటే: ఎలాంటి శత్రువు ఎదురైనా దీని దగ్గర జవాబు ఉంటుంది. మాట నిజమే. దాన్ని అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరుగుతోంది. నాలుగు భారీ తుపాకులకు చోటుంది కదా అని నాలుగు రకాలూ పెట్టేస్తున్నారు. ట్యాంకుకు లాస్‌క్యానన్, గుంపుకు హెవీ బోల్టర్, రెంటికీ పనికొస్తుందని మిస్సైల్ లాంచర్, దగ్గరికొస్తే చూసుకుందామని మల్టీ మెల్టా. హైదరాబాద్ బోర్డ్ గేమ్ కేఫ్‌ల్లోనూ, అపార్ట్‌మెంట్లలో భోజనాల బల్లల మీదా వారాంతపు ఆటల్లో ఈ కలగూరగంప దళం తరచూ ఎదురవుతుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ఆట గెలిపించడానికి మాత్రం పనికిరాదు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో తెచ్చిన ఆట వార్‌హామర్ 40,000. తొలి రూపకర్త రిక్ ప్రీస్ట్‌లీ. ప్లాస్టిక్ బొమ్మలను అతికించి, రంగులు వేసి, కొలతల టేపుతో బల్ల మీద నడిపిస్తూ, పాచికలతో కాల్పులు తేల్చుకుంటారు. ఆ కథా ప్రపంచంలో స్కౌట్ దశ దాటిన కొత్త మెరైన్ సాధారణంగా మొదట చేరేది డెవాస్టేటర్ దళంలోనే. శత్రువుకు దూరంగా నిలబడి, బరువైన తుపాకీ మోస్తూ, ఓపిక నేర్చుకోవాలన్నది అందులోని ఉద్దేశం. బల్ల మీద ఈ దళం ఒక సార్జెంట్‌తో కలిపి ఐదుగురితోగానీ, పదిమందితోగానీ ఉంటుంది. ఎందరున్నా భారీ తుపాకులు నాలుగే.

ఇక లెక్కలు చూద్దాం. 2023లో వచ్చిన 10వ ఎడిషన్ నియమాల ప్రకారం ఈ తుపాకులు ఆరు ముఖాల పాచికపై 4 లేదా ఆపైన పడితే తగులుతాయి. ఆ వంతులో దళం కదలకుండా ఉంటే 3 చాలు. లాస్‌క్యానన్ 48 అంగుళాల దూరం అందుకుంటుంది, బలం 12. హెవీ బోల్టర్‌ది 36 అంగుళాలు, బలం 5, కానీ మూడు గుళ్లు. ఎదురుగా టఫ్‌నెస్ (దెబ్బను తట్టుకునే గట్టిదనం) 9, పది గాయాలు తగిలితే పోయే రైనో వాహనం ఉందనుకుందాం. కదలని నాలుగు లాస్‌క్యానన్లు దానికి సగటున 6.7 గాయాలు చేస్తాయి. కలగూరగంప దళంలో లాస్‌క్యానన్ వాటా 1.7, హెవీ బోల్టర్ వాటా 0.8, మిస్సైల్ లాంచర్ పేల్చే ట్యాంకుల క్షిపణి క్రాక్ వాటా 0.8. మొత్తం 3.3, అంటే సగం. మల్టీ మెల్టా ఒక్కటే సగటున 2.3 గాయాలు చేయగలదు. అయితే దాని దూరం 18 అంగుళాలే. దాని కోసం దళాన్ని ముందుకు నడిపిస్తే మిగతా మూడు తుపాకులకూ కదలకుండా ఉన్నప్పుడు దక్కే లాభం పోతుంది. వెనకే ఉంచితే మల్టీ మెల్టా మోసేవాడు ఆటంతా ఊరికే నిలబడతాడు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడమంటే ఇదే.

లాస్‌క్యానన్లే పెట్టేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ఇరవైమంది ఓర్క్ బాయ్‌ల (శత్రువుల కాల్బలం) మీద నాలుగు లాస్‌క్యానన్లు పేలిస్తే సగటున పడేది ఇద్దరు. ఒక గుండు ఒక్కరినే చంపుతుంది, మిగిలిన గాయాలు పక్కవాడికి పాకవు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమన్నమాట. అదే గుంపు మీద నాలుగు హెవీ బోల్టర్లయితే నలుగురిని పడగొడతాయి. ఇక్కడ మిస్సైల్ లాంచర్‌ను తక్కువ చేయలేం. ఎదుటి దళంలో ఐదుగురికి ఒకటి చొప్పున దాని రెండో రకం, గుంపుల మీద పేల్చే ఫ్రాగ్ క్షిపణికి అదనపు గుళ్లు కలుస్తాయి కాబట్టి, ఇరవైమంది గుంపు మీద అది హెవీ బోల్టర్‌కు ఏమాత్రం తీసిపోదు. అయితే క్రాక్ క్షిపణితో ల్యాండ్ రైడర్ లాంటి బండి మీదికి వెళితే పరువు పోతుంది. టఫ్‌నెస్ 12, పదహారు గాయాలున్న ఆ బండిని నాలుగు లాస్‌క్యానన్లు సగటున నాలుగు గాయాలు తగ్గిస్తే, నాలుగు మిస్సైల్ లాంచర్లు ఒకటిన్నర తగ్గిస్తాయి.

కలపడాన్ని సమర్థించేవారి దగ్గర ఒక బలమైన వాదన ఉంది. ఒకప్పుడు దళమంతా ఒకే లక్ష్యం మీద కాల్చాల్సి వచ్చేది. స్పేస్ వుల్ఫ్స్ అనే మెరైన్ వర్గపు భారీ తుపాకుల దళం లాంగ్ ఫాంగ్స్‌కు మాత్రం రెండు లక్ష్యాలు ఎంచుకునే వెసులుబాటు దక్కింది, అందుకే అప్పట్లో వారికి అంత పేరు. 2017లో వచ్చిన 8వ ఎడిషన్‌తో ఎవరి తుపాకీ వారు ఎవరి మీదైనా ఎక్కుపెట్టవచ్చు. మరి రకరకాల తుపాకులుంటే ఏదీ వృథా పోదు కదా అంటారు. నిజమే, వృథా పోదు. కానీ పని పూర్తి కాదు. రెండు లాస్‌క్యానన్లు రైనోకు మూడు గాయాలు చేసి, రెండు హెవీ బోల్టర్లు ఇద్దరు ఓర్కులను చంపితే ఆ వంతులో సాధించింది ఏమిటి? రైనో లోపలివారిని దించాల్సిన చోట దించుతూనే ఉంటుంది. పద్దెనిమిదిమంది ఓర్కులు వారు పట్టుకున్న స్థానాన్ని పట్టుకునే ఉంటారు. ఈ ఆటలో సగం చంపినందుకు మార్కులు రావు. పైగా స్పేస్ మెరైన్లకు ఉన్న పెద్ద వరం ఓత్ ఆఫ్ మూమెంట్. తమ ప్రతి వంతులో శత్రువుల్లో ఒక్క దళాన్ని ఎంచుకుంటే, దాని మీద గురి తప్పిన పాచికలను మళ్లీ వేసుకోవచ్చు. దానితో ఆ నాలుగు లాస్‌క్యానన్ల సగటు రైనో మీద 6.7 నుంచి 8.9కి చేరుతుంది. నియమమే ఒక్కచోట కొట్టమంటుంటే తుపాకులను నాలుగు దిక్కులకు తిప్పడం ఎందుకు?

కలపడానికి ఒకప్పుడు మరో కారణం ఉండేది: ఖర్చు. పాత ఎడిషన్లలో చాలాకాలం సైన్యం బడ్జెట్‌ను కొలిచే పాయింట్లలో ఒక్కో తుపాకీకి ఒక్కో ధర ఉండేది. లాస్‌క్యానన్ ఖరీదైనది, హెవీ బోల్టర్ చవక. పొదుపు కోసం కలిపేవారు. 10వ ఎడిషన్‌లో ఏ తుపాకీ పెట్టినా దళం ధర ఒకటే. ఈ మార్పు నాకు నచ్చలేదు. చవక తుపాకీని ఎంచుకోవడంలో ఉన్న తెలివి దీనితో ఎగిరిపోయింది. ట్యాంకులు ఎదురొస్తాయని భయమున్న ప్రతివారూ కళ్లు మూసుకుని లాస్‌క్యానన్లే పెడతారు. రూపకర్తలు ఆటను తేలిక చేయబోయి ఎంపికను పలచన చేశారు.

బల్ల సంగతీ చూడాలి. రెండువేల పాయింట్ల ఆటకు 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు కావాలి. మన ఫ్లాట్లలో ఆరు కుర్చీల భోజనాల బల్ల మీద ప్లైవుడ్ పలక పరిస్తేగానీ అంత చోటు రాదు. అందుకే ఇళ్లలో ఎక్కువగా ఆడేది వెయ్యి పాయింట్ల ఆట, అదీ 44 అంగుళాల పొడవు, 30 అంగుళాల వెడల్పున్న చోట. అంత చిన్న మైదానంలో లాస్‌క్యానన్ 48 అంగుళాల గొప్ప దాదాపు అక్కరకు రాదు. 36 అంగుళాల హెవీ బోల్టరూ దాదాపు అంతటా అందుకుంటుంది. మధ్యలో శిథిల భవనాలు సరిగ్గా పేర్చితే అంత పొడవున చూపు సాగేది ఒకటి రెండు సందుల్లోనే. వెయ్యి పాయింట్లలో ల్యాండ్ రైడర్ దింపేవారూ తక్కువ. ఇంట్లో ఆడే చిన్న ఆటలకు నా ఓటు నాలుగు హెవీ బోల్టర్లకే.

డ్రాప్ పాడ్‌లో నాలుగు మల్టీ మెల్టాలు పెట్టి ఆకాశం నుంచి దింపుదామన్న ఆలోచన కొత్తవారికి తప్పక వస్తుంది. వినడానికి భలేగా ఉంటుంది. దిగే దళం శత్రువుకు తొమ్మిది అంగుళాలకు మించిన దూరంలో ఉండాలి. మెల్టా అదనపు దెబ్బ పనిచేసేది దాని దూరంలో సగం లోపు, అంటే సరిగ్గా తొమ్మిది అంగుళాల్లోపు. వెంట్రుకవాసిలో తప్పిపోతుంది. దిగిన వంతులో కదిలినట్లే లెక్క కాబట్టి గురి లాభమూ ఉండదు. చివరకు ల్యాండ్ రైడర్ మీద తేలేది సగటున నాలుగు గాయాలు. వెనక గోడ చాటున కూర్చున్న నాలుగు లాస్‌క్యానన్లూ అదే చేస్తాయి, పాడ్ ఖర్చు లేకుండా.

అలాగని ఈ దళపు బహుముఖ ప్రజ్ఞను నేను కొట్టిపారేయడం లేదు. అది పెట్టెలో ఉంది. 2017 నుంచి వచ్చిన ప్రైమారిస్ అనే కొత్తతరం మెరైన్ దళాలను చూడండి. హెల్‌బ్లాస్టర్లకు ప్లాస్మా తప్ప మరొకటి లేదు, ఎరాడికేటర్ల బతుకంతా మెల్టాయే. దిగుమతి సరుకుకు వేల రూపాయలు పోసే మనలాంటివారికి, ఒకే పెట్టెలో లాస్‌క్యానన్, హెవీ బోల్టర్, మిస్సైల్ లాంచర్, ప్లాస్మా, మెల్టా, గ్రావ్ అన్నీ దొరకడం చిన్న విషయం కాదు. శత్రువును బట్టి, బల్లను బట్టి ఆటకు ముందు తుపాకులు మార్చుకోగలగడమే అసలైన లాభం. పోటీల్లో సాధారణంగా బొమ్మ చేతిలో కనిపించే తుపాకీనే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, ఫెవిక్విక్‌తో శాశ్వతంగా అతికించినవారు ఆ లాభాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్టే.

దీనికి మందు అయస్కాంతాలు. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగితే రెండు మూడు మిల్లీమీటర్ల బిళ్లలు దొరుకుతాయి. చేతి డ్రిల్‌తో భుజం కీలు దగ్గర గుంత తొలిచి, బిళ్లను ఉపరితలానికి సమంగా కూర్చోబెట్టాలి. పైకి లేస్తే చేయి ఎడంగా వేలాడుతుంది. దళమంతటికీ ధ్రువాలు ఒకే దిక్కున ఉండేలా ప్రతి బిళ్ల మీదా మార్కర్‌తో చుక్క పెట్టుకోవాలి. ఒక్కటి తిరగబడినా ఆ తుపాకీ ఆ బొమ్మను దగ్గరికి రానివ్వదు. చాలామంది మరిచిపోయేది వీపు మీది సంచి. లాస్‌క్యానన్‌కూ హెవీ బోల్టర్‌కూ సంచులు వేరు, వాటికీ ఒక బిళ్ల కావాలి. ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) మాత్రం పొద్దున్నే కొట్టండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం డాబా మీద కొడితే రంగు బొమ్మను చేరేలోపే గాలిలో ఆరిపోయి ఇసుక చల్లినట్టు దిగుతుంది.

ఇంతా చేశాక ఒక చిక్కు మిగులుతుంది. ఒక్క పెట్టెలో ఏ రకం తుపాకీ కూడా నాలుగు రాదు. కలగూరగంప దళాలకు సగం కారణం ఆటగాళ్ల అవగాహన లోపం కాదు, ఈ పెట్టె సర్దుబాటే. రెండో పెట్టె కొంటే తుపాకుల కొరత చాలావరకు తీరడంతో పాటు పదిమంది దళమూ తయారవుతుంది. ఎవరు చావాలో సొంతదారే ఎంచుకుంటాడు కాబట్టి, సార్జెంట్, ఐదుగురు మామూలు బోల్ట్ గన్ల వాళ్లు కలిసి పన్నెండు గాయాలు మోశాకే తుపాకీవాడి వంతు వస్తుంది. ఐదుగురి దళంలో రెండు గాయాల సార్జెంట్ పోతే ఆ తర్వాత పోయేది తుపాకులే. అంత డబ్బు పెట్టలేనివారు ఇద్దరు కలిసి చెరో పెట్టె కొని తుపాకులు మార్చుకోవచ్చు. ఒకరు లాస్‌క్యానన్లన్నీ, మరొకరు హెవీ బోల్టర్లన్నీ తీసుకోవాలి. మల్టీ మెల్టాల కోసం మాత్రం పోట్లాడుకోవద్దు, 18 అంగుళాల్లోపు కదలకుండా నిలబడి కాల్చే అవకాశం ఆ దళానికి ఎదుటివాడు రెండోసారి ఇవ్వడు.