ఫోన్ ఎత్తేది దొంగ ఒక్కడే అయినప్పుడు

కంప్యూటర్ తెర మీద కనిపించే భద్రతా హెచ్చరికలో ఫోన్ నంబరు ఉంటే అది మోసమే. తమ హెచ్చరికల్లో ఎన్నడూ ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ సంస్థే స్పష్టంగా చెప్పింది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, కంప్యూటర్ బాగుచేస్తామంటూ ఫోన్‌లో దోచుకునే నకిలీ టెక్ సపోర్ట్ ముఠాలకు పని ఉండదు. ఏళ్ల తరబడి అవగాహన ప్రచారాలు జరుగుతూనే ఉన్నాయి, జనం చిక్కుతూనే ఉన్నారు. అమెరికాలో దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి అందిన ఫిర్యాదుల లెక్కన ఈ తరహా మోసాల్లో పోయిన సొమ్ము 2023లో 92 కోట్ల డాలర్లు దాటింది, మరుసటి ఏడాదికి 146 కోట్ల డాలర్లకు ఎగబాకింది. చదువు, సంపద, సాంకేతికత అన్నీ ఉన్న దేశంలోనే ఇలా ఉంటే, తెలియనితనం ఒక్కదాని మీద నెపం వేసి ఊరుకోవడం సరికాదు. ఆపద వేళ ఫోన్ చేయడానికి ఇంకో నంబరు దొరకకపోవడం వల్లనే చాలామంది ఆ నంబరుకు ఫోన్ చేస్తున్నారన్నది నా వాదన.

బెంగళూరులోని తెలుగు ఇళ్లనే తీసుకుందాం. మారతహళ్లిలోనో, కె.ఆర్.పురంలోనో పిల్లల దగ్గర ఉండటానికి అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చిన పెద్దవాళ్లు పగలంతా ఫ్లాటులో ఒంటరిగా ఉంటారు. పాత సినిమా కోసమో రైలు టికెట్ కోసమో ల్యాప్‌టాప్ తెరిచి, వెబ్‌సైటు పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా, డౌన్‌లోడ్ అని రాసి ఉన్న ప్రకటన మీద నొక్కినా చాలు. తెర నిండా నీలం, ఎరుపు రంగుల్లో హెచ్చరికలు పరుచుకుంటాయి, సైరన్ మోగుతుంది, మౌస్ బాణం మాయమవుతుంది, మీ బ్యాంకు వివరాలు దొంగలపాలవుతున్నాయని ఒక యంత్రపు గొంతు ఆగకుండా చెబుతుంది. నిజానికి అక్కడ జరిగింది ఏమీ లేదు. అది తెర మొత్తాన్ని ఆక్రమించేలా తయారు చేసిన మామూలు వెబ్ పేజీ మాత్రమే. ఎస్కేప్ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే చాలాసార్లు తెర విడిపోతుంది. విడిపోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కి టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి బ్రౌజర్‌ను మూసేయవచ్చు. అదీ చేతకాకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్‌నే ఆపేయవచ్చు. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తిరిగి తెరవాలా అని బ్రౌజర్ అడిగితే వద్దనాలి.

అసలు మోసం ఫోన్ కలిశాక మొదలవుతుంది. అవతలి మనిషి కసురుకోడు, పాటలు వినిపిస్తూ అరగంట నిలబెట్టడు. కంగారు పడవద్దంటూ ఓదార్చి, విండోస్ మీటతో పాటు ఆర్ అక్షరం నొక్కించి, ఈవెంట్ వ్యూయర్ అనే పట్టిక తెరిపిస్తాడు. అందులో వరుసగా ఎర్ర గుర్తులు, పసుపు త్రికోణాలు కనిపిస్తాయి. అవన్నీ వైరస్‌లే అంటాడు. నిక్షేపంగా పనిచేసే ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ ఆ పట్టిక అలాగే ఉంటుంది, ఎందుకంటే రోజువారీ చిన్నచిన్న లోపాలను నమోదు చేసుకోవడమే దాని పని. ఆ సంగతి తెలియని మనిషికి కళ్లెదుటే రుజువు చూపించినట్టవుతుంది. ఆ తర్వాత, దూరం నుంచే కంప్యూటర్‌ను నడిపించే ఎనీడెస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ దింపుకోమంటాడు. అది ఆఫీసుల్లో ఐటీ సిబ్బంది నిత్యం వాడే అసలైన సాఫ్ట్‌వేరే కాబట్టి యాంటీవైరస్ అడ్డుకుంటుందన్న నమ్మకం లేదు. తెర మీద వచ్చిన అంకెలు చదివి వినిపించి, అనుమతి ఇచ్చిన క్షణం నుంచి కంప్యూటర్ అతని చేతిలో ఉన్నట్టే. రుసుము కట్టడానికని నెట్ బ్యాంకింగ్ తెరిపిస్తాడు. లేదా డబ్బు వాపసు ఇస్తున్నానని చెప్పి, బ్రౌజర్‌లో కనిపిస్తున్న ఖాతా నిల్వ అంకెను అక్కడికక్కడే మార్చి, పొరపాటున ఎక్కువ పంపానని, మిగతాది తిరిగి ఇవ్వమని బతిమాలతాడు. ఆ అంకె తెర మీద మాత్రమే మారుతుంది, బ్యాంకులో పైసా కూడా కదలదు.

ఈ కథలో నన్ను అన్నింటికన్నా బాధించేది ఆ ఓదార్పు. ఇదే పెద్దాయన తన ల్యాప్‌టాప్ తయారుచేసిన సంస్థతోనో, తన ఈమెయిల్ నడిపే సంస్థతోనో మాట్లాడాలనుకుంటే ఏ నంబరుకు చేయాలి? ఉచిత ఈమెయిల్ ఖాతా పోగొట్టుకున్న సామాన్యుడికి ఫోన్‌లో బదులిచ్చే మనిషి దొరకడు. మిగతా చోట్ల నంబరు ఉన్నా, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ తిప్పి తిప్పి చివరికి చాట్‌బాట్ దగ్గర వదిలేస్తారు. తెలుగు ఎంచుకునే వీలు ఉంటే అదృష్టమే. సంస్థలు ఖర్చు తగ్గించుకోవడానికి మనుషులను తీసేసి, నంబర్లను వెబ్‌సైట్ల అడుగున దాచేశాయి. తన నంబరును పెద్ద అక్షరాల్లో వేసి, రెండో రింగుకే ఎత్తి, ఎంతసేపైనా ఓపిగ్గా మాట్లాడుతున్నది దొంగ ఒక్కడే. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి నకిలీ నంబర్ల బారిన పడటానికి మూలం కూడా ఇదే.

ఇళ్లలోనూ ఈ లోటు ఉంది. ఆఫీసులో మీటింగ్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేస్తే, నాన్నా, మళ్లీ ఏం నొక్కారు అన్న విసుగే మొదట వినిపిస్తుంది. రెండుసార్లు ఆ మాట పడ్డ తండ్రి మూడోసారి తెర మీది నంబరుకే చేస్తాడు. బెంగళూరులోని సాఫ్ట్‌వేర్ పిల్లలు తల్లిదండ్రులకు నేర్పవలసిన మొదటి పాఠం, ఏం జరిగినా తిట్టకుండా ఫోన్ ఎత్తుతామన్న భరోసా.

ఇన్ని కోట్ల వినియోగదారులకు మనుషులతో జవాబు చెప్పించడం ఏ సంస్థకూ సాధ్యం కాదని, అందుకే సాంకేతికతతోనే మోసాన్ని ఆపాలని ఒక వాదన ఉంది. అందులో కొంత నిజం ఉంది. టెక్ సపోర్ట్ ప్రకటనలను మైక్రోసాఫ్ట్ 2016లో తన సెర్చ్ ఇంజన్ బింగ్ నుంచి తొలగించింది. గూగుల్ 2018లో ఆంక్షలు పెట్టింది. తెరను ఆక్రమించే ఇలాంటి పేజీలను ఏఐతో పసిగట్టే ఏర్పాటు 2025లో ఎడ్జ్, క్రోమ్ బ్రౌజర్లలోకి వచ్చింది. దాన్ని ఆన్‌లో ఉంచుకోవడం మంచిదే. అయితే ఒక పేజీని అడ్డుకుంటే ముఠాలు మరో పేజీ తయారు చేసుకుంటాయి. భయపడ్డ మనిషికి మాత్రం మాట సాయం అవసరం అలాగే ఉండిపోతుంది.

సాధ్యం కాదన్న మాట బెంగళూరులో అస్సలు చెల్లదు. రాత్రి షిఫ్టుల్లో అమెరికా, బ్రిటన్ వినియోగదారులకు ఓర్పుగా సమాధానాలు చెప్పే వేలాది యువతీయువకులు ఈ నగరంలోనే ఉన్నారు. వారిలో కర్నూలు, చిత్తూరు నుంచి వచ్చినవారికి కొదవ లేదు. విదేశీ ఖాతాదారుకు దొరికే ఆ గొంతు, అదే వీధిలో నివసించే తెలుగు తల్లికి, కన్నడ తాతకు దొరకదు. అదే నైపుణ్యాన్ని నేరగాళ్లు కూడా వాడుకుంటున్నారు. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో దేశంలో 76 చోట్ల సోదాలు జరిపింది. విదేశీయులను టెక్ సపోర్ట్ పేరిట దోచుకుంటున్న కాల్ సెంటర్ల మీద మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థలు ఇచ్చిన ఫిర్యాదులతో పెట్టిన కేసులూ అందులో ఉన్నాయి. నేరగాళ్లు పెట్టగలిగిన కాల్ సెంటర్‌ను లాభాల్లో ఉన్న సంస్థలు భారతీయ భాషల్లో పెట్టలేవంటే నేను నమ్మను.

ఇప్పటికే కంప్యూటర్‌లోకి దొంగకు అనుమతి ఇచ్చేసినవారు ముందు వైఫై ఆపాలి, తర్వాత బ్యాంకుకు, సైబర్ నేరాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో మార్చుకోవాలి. ఆలస్యం చేస్తే నష్టం ఖాతాదారు నెత్తినే పడుతుంది. ఖాతాదారు తానే వివరాలు ఇచ్చిన సందర్భాల్లో, బ్యాంకుకు తెలియజేసేంతవరకు పోయిన సొమ్ము అతనిదేనని, తెలియజేశాక పోయేది బ్యాంకుదని 2017 జులైలో రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. అందుకే బ్యాంకు అసలు నంబరును కార్డు వెనక నుంచి చూసి, ఫోన్‌లో ముందే భద్రపరచుకోవాలి.

ఆన్‌లైన్ అమ్మకందారులు ఫిర్యాదుల అధికారి వివరాలు ప్రకటించాలని, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలని, నెలలో పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. తెర ముందు వణికిపోతున్న మనిషికి 48 గంటల గడువు ఎందుకూ కొరగాదు. కంప్యూటర్లు, ఫోన్లు, బ్రౌజర్లు అందించే సంస్థలన్నీ మనిషి బదులిచ్చే ఫోన్ నంబరును రాష్ట్ర భాషల్లో నడపాలని, దాన్ని పెట్టె మీద, బిల్లు మీద ముద్రించాలని కేంద్రం ఆ నిబంధనలను విస్తరించాలి. ఈ డిమాండ్‌ను ముందుగా వినిపించాల్సింది కంప్యూటర్ పరిశ్రమ మీద బతుకుతున్న బెంగళూరే.