ఈసీజీ మీద తిరుగుతున్న మెసేజ్‌కు ఒక డాక్టర్ జవాబు

ఏడాదిగా నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంది. మా అత్తగారి ఊరి గ్రూపులో ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. అందులో చెప్పేవి ఇవి: ఈసీజీ నార్మల్ వస్తే గుండెపోటు లేనట్టే, ఏడాది దాకా భయం లేదు. నార్మల్ వచ్చాక కూడా మళ్లీ ఈసీజీ, రక్తపరీక్ష రాస్తే అది డబ్బు గుంజడానికే. కాగితం మీద మెషినే అంతా రాసిస్తుంది, డాక్టర్‌తో పని లేదు. ‘బ్లాక్’ అని పడితే రక్తనాళాలు మూసుకుపోయినట్టే.

నాలుగూ తప్పే. మొదటిది మాత్రం ప్రాణం తీసే తప్పు.

ఈసీజీ చూసేది గుండెలో పుట్టి పారే కరెంటును. నాళంలో కొవ్వు ఎంత పేరుకుందో దానికి కనబడదు. చేతులకు, కాళ్లకు నాలుగు, ఛాతీ మీద ఆరు, మొత్తం పది వైర్లు పెట్టి పన్నెండు వైపుల నుంచి గీతలు తీస్తాం. ఒక్కో వైపు గీతను లీడ్ అంటాం. మీ చేతికిచ్చే కాగితంలో మామూలుగా ఉండేది 10 సెకన్ల గుండె. నాళం చాలావరకు పూడినా సరే, మంచం మీద పడుకున్న ఆ కాసేపు కండరానికి రక్తం సరిపోతే గీత చక్కగానే వస్తుంది. అదే మనిషి వడ్ల బస్తా భుజాన వేసుకుంటే ఛాతీ పట్టేస్తుంది. ఇక ఏడాది గ్యారంటీ ఎక్కడిది?

పోయిన ఎండాకాలం ఒక బత్తాయి రైతు వచ్చాడు. యాభై దాటినవాడు, షుగర్ ఉంది. పొద్దున 5 గంటలకు తోటలో ఛాతీ బిగపట్టింది, దవడ లాగింది, చెమటలు కారాయి. 7 గంటలకు ల్యాబ్‌లో ఈసీజీ తీయించుకుంటే నార్మల్. “మెసేజ్‌ల గట్లనే ఉండె గద సార్, గ్యాస్ అనుకొని సోడా తాగి పండుకున్న” అన్నాడు. సాయంత్రం 4 గంటలకు క్యాజువాలిటీకి తెచ్చేసరికి ఛాతీ లీడ్లలో గీత పైకి లేచి ఉంది, లోతైన క్యూ వేవ్‌లు కూడా పడ్డాయి. కొంత కండరం అప్పటికే చచ్చిపోయిందని వాటి అర్థం. నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ 12 గంటల లోపు ఇవ్వొచ్చు గానీ, మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే దక్కేంత కండరం పదకొండో గంటలో దక్కదు. మనిషి బతికాడు. ఇప్పుడు తోట గట్టు ఎక్కాలంటే ఆయాసం.

ఆయన పొద్దున తీయించుకున్న కాగితం కూడా చూశాను. నిజంగానే నార్మల్. తప్పు మెషిన్‌ది కాదు, అరగంట ఆగి ఇంకోటి తీసేవాళ్లు అక్కడ లేకపోవడమే. గుండెపోటు మొదలైన కొత్తలో గీత మారకపోవచ్చు. అందుకే నొప్పి తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీస్తాం. గుండె వెనక గోడ దెబ్బతింటే ముందు లీడ్లలో సరిగా తెలియదు, ఆ అనుమానం వస్తే వీపు మీద కూడా వైర్లు పెడతాం. కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది, అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. రక్తపరీక్ష రెండుసార్లు రాసేది అందుకే. అవసరం లేని పరీక్షలు రాసేవాళ్లు లేరని నేను అనను. ఏ బాధా లేని, రిస్కు తక్కువున్న మనిషికి ఏటా ఈసీజీ తీయడం నాకూ నచ్చదు. నొప్పితో వచ్చినవాడి సంగతి వేరు.

మెషిన్ రాసే మాటల విషయానికొస్తే, నాడి ఎంత, గీతల మధ్య దూరం ఎంత అన్నవి అది బాగానే కొలుస్తుంది. అర్థం చెప్పడంలోనే తడబడుతుంది. ఎర్ర క్లిప్పు కుడి చేతికి, పసుపుది ఎడమ చేతికి పెట్టాలి. హడావిడిలో తారుమారైతే మొదటి లీడ్ తలకిందులవుతుంది, లేని జబ్బు పేరు పైన అచ్చవుతుంది. చలికి వణికే ముసలమ్మ చేతుల వణుకును గుండె లయ తప్పడమని రాసిన కాగితాలు ఎన్నో చూశాను. మనిషిని, నొప్పిని, పాత ఈసీజీని పక్కపక్కన పెట్టి చూడాల్సింది డాక్టరే.

‘బ్లాక్’ మాట దగ్గర మన జనం అనవసరంగా ఏడుస్తున్నారు. గల్ఫ్ మెడికల్ కోసం ఈసీజీ తీయించుకున్న పాలమూరు పిల్లగాడొకడు రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (కుడి వైపు కరెంటు దారిలో బ్లాక్) అని చూసి, తల్లిని వెంటబెట్టుకొని వణుకుతూ వచ్చాడు. ఆ బ్లాక్ కరెంటు దారిలో ఆలస్యమే తప్ప రక్తనాళం పూడటం కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. ఎకో, అంటే గుండె స్కానింగ్, చేసి చూస్తే అతని గుండె బాగుంది. ఎడమ వైపు బ్లాక్ అయితే, అందులోనూ ఛాతీ నొప్పితో వస్తే, మేం అంత తేలిగ్గా వదలం.

పాత ఈసీజీ దాచుకోండి అని చెబితే ఒక పెద్దాయన లామినేషన్ చేయించి తెచ్చాడు. ఆ కాగితం వేడికి నల్లబడే రకం. మొత్తం నల్లటి అట్ట అయిపోయింది, ఒక్క గీత కనబడలేదు. ఊరికే బీరువాలో పెట్టినా కొన్నాళ్లకు చెరిగిపోతుంది. తీసిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నొప్పి వస్తే 108కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకు మొదలైందో చెప్పి, ఆ ఫొటో డ్యూటీ డాక్టర్‌కు చూపించండి.