ఫిబ్రవరి 22 గురించి మన పిల్లలకు ఎవరు చెప్పాలి?

మొన్న ఫిబ్రవరి 22న ఉదయం మా మనవరాలు బడికి బయలుదేరుతూ, ప్రార్థన సమయంలో తాను చదవవలసిన ‘నేటి ప్రాముఖ్యం’ కాగితాన్ని నా చేతికిచ్చి, నోరు తిరగని పేర్లు ఎలా పలకాలో చెప్పమని అడిగింది. నాలుగు మడతలు పెట్టిన ఆ కాగితం మీద ఫోనులో వచ్చిన సందేశం నుంచి ఎక్కించిన ఎనిమిది వాక్యాలున్నాయి. అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ జన్మదినం వాటిలో మొదటిది. నేను ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. కర్నూలు నుంచి బస్సెక్కితే పూట తిరగకుండా చేరుకోగల కోవెలకుంట్ల పేరు అందులో ఎక్కడా కనబడలేదు.

వాషింగ్టన్ గురించి మన పిల్లలు తెలుసుకోవడం మంచిదే. అయితే ఆయన పుట్టిననాడు అక్కడి పాత క్యాలెండరులో ఫిబ్రవరి 11 అని ఉండేదనీ, 1752లో బ్రిటన్ క్యాలెండరు మార్చుకున్న తరువాతనే అది 22 అయిందనీ కూడా చెబితే, తేదీ అన్నది మనుషులు ఏర్పరచుకున్న లెక్క అని వారికి అర్థమవుతుంది. నా బాధ మరొకటి. 1847లో అదే ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం చూస్తుండగా ఉరితీశారు.

నొస్సం పాలెగాడైన (చుట్టుపక్కల ఊళ్లను ఏలిన స్థానిక నాయకుడైన) జయరామిరెడ్డికి మనుమడైన ఆయనకు కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ప్రభుత్వం విదిల్చిన నెల భరణం 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నేటి రాయలసీమలో చాలా భాగం ఉన్న దత్తమండలాలు 1800లో నిజాం చేతి నుంచి కుంపిణీకి వచ్చాక, అక్కడి కలెక్టరు మన్రో కాలంలో పాలెగాళ్ల అధికారాలు తీసేసి భరణాలిచ్చి కూర్చోబెట్టిన ఏర్పాటులో అది మిగిలిన ముక్క. ఆ భరణం దగ్గర జరిగిన అవమానంతో రగిలిన తగవు 1846 జులైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడిగా మారింది. అక్టోబరు 6న పేరుసోముల దగ్గరి కొండమీది గుడిలో ఆయన పట్టుబడ్డాడు. ఉరితీసిన తరువాత ఆయన తలను కోట గుమ్మానికి వేలాడదీసి, 1877 దాకా, అంటే ముప్పై ఏళ్లపాటు, అలాగే ఉంచారు. అప్పుడు పుట్టిన బిడ్డ పెరిగి, పెళ్లి చేసుకుని, తన బిడ్డను చంకనెత్తుకుని అదే గుమ్మం ముందు నుంచి నడిచిపోయి ఉంటాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు చేయి ఆడదు. (కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేది, 1858లో కర్నూలుకు వచ్చింది, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉంది. కనుక ఇది మా జిల్లా సంగతి కాదని ఈ మూడు జిల్లాల్లో ఎవరూ అనడానికి లేదు.)

మా జేజికి ఈ తేదీ తెలియదు. జొన్న కోతల్లో నరసింహారెడ్డి పాట అందుకుంటే మాత్రం చివరి చరణం దాకా ఆపేది కాదు. ఆ పాట పాడేవారు మా ఊళ్లో ఇప్పుడు లేరు. అందుకే కాగితం మీది తేదీ గురించి ఇంత పట్టుబడుతున్నాను.

సరిగ్గా 75 ఏళ్లకు, 1922 ఫిబ్రవరి 22న, పల్నాడులోని మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. అడవిలో పశువులను మేపుకున్నందుకు సర్కారు వసూలు చేసే పుల్లరి కట్టబోమని ఆయన రైతులను కూడగట్టాడు. చౌరీచౌరా ఘటన తరువాత బార్డోలీలో సహాయ నిరాకరణ ఉద్యమాన్ని నిలిపివేసి అప్పటికి పది రోజులే అయింది.

ఈ రెండింటినీ కలిపి, తెల్లవారు కావాలనే ఆ తేదీని ఎంచుకున్నారని కొందరు మిత్రులు ఆవేశంగా చెబుతుంటారు. నేను ఒప్పుకోను. జనవరి 26ను ఎంచుకున్నారు. 1930లో పూర్ణ స్వరాజ్య దినంగా జరుపుకున్న రోజు కనుకనే 1950లో రాజ్యాంగాన్ని అదే రోజు అమలులోకి తెచ్చారు. ఆగస్టు 15ను కూడా ఎంచుకున్నారు. జపాన్ లొంగిపోయి రెండేళ్లయిన రోజని మౌంట్‌బాటన్ దాన్ని నిర్ణయించాడు. ఫిబ్రవరి 22 అలాంటిది కాదు, అది కాకతాళీయం. నరసింహారెడ్డికీ హనుమంతుకూ ఉన్న అసలు చుట్టరికం నల్లమలది. ఒకరు కుంపిణీ సైన్యానికి చిక్కకుండా తలదాచుకున్న అడవి, మరొకరి ఊళ్లో పశువుల మేతకు పన్ను వేసిన అడవి ఒకే కొండల వరుసకు చెందినవి. లేని కుట్రను అల్లి చెబితే, ఉన్న ఈ సంబంధం పిల్లల కంట పడకుండా పోతుంది.

1944లో అదే తేదీన పుణెలోని ఆగాఖాన్ భవనంలో, నిర్బంధంలోనే, కస్తూర్బా 74 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ రోజు మహాశివరాత్రి. మనవైపు జనం నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారిన నల్లమల దాటి శ్రీశైలం చేరి జాగరం చేసే రాత్రి అది. అదే భవనంలో అంతకు ముందు 1942 ఆగస్టు 15న గాంధీ కార్యదర్శి మహదేవ్ దేశాయ్ మరణించారు. ఆయన సమాధి పక్కనే ఆమెకూ అంత్యక్రియలు జరిగాయి. దేశాయ్ పోయిన అయిదేళ్లకు ఆ ఆగస్టు 15 దేశానికి ఏమవుతుందో కస్తూర్బా చితి ముందు కూర్చున్న గాంధీకి అప్పుడు తెలిసే వీలు లేదు. స్వతంత్ర భారత తొలి విద్యాశాఖ మంత్రి మౌలానా ఆజాద్ కూడా 1958లో ఫిబ్రవరి 22నే ఢిల్లీలో మరణించారు.

రోజూ పొద్దున్నే ఇటువంటి జాబితాలు తయారుచేసి పంపే మిత్రులకు, వాటిని పిల్లల చేత చదివించే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. ఎనిమిది పేర్లు వద్దు, మూడు చాలు. ప్రతి పేరుకూ ఊరు రాయండి, ఎందుకు జరిగిందో ఒక వాక్యం రాయండి, ఆ తేదీ ఎంచుకున్నదో కాకతాళీయమో చెప్పండి. ఆ మూడింటిలో ఒకటి మన జిల్లాలదై ఉండేలా చూడండి. ఆ ఉదయం మా మనవరాలి కాగితంలో అడుగున మిగిలిన రెండంగుళాల జాగాలో నేను కోవెలకుంట్ల, మించాలపాడు అని రాసి, పక్కన 1847, 1922 అని వేసి ఇచ్చాను. ఆటో వచ్చేసింది. పుల్లరి అంటే ఏమిటో సాయంత్రం చెబుతానన్నాను, చెప్పాను.