గంట మోగితే పలికేదెవరు?

పలమనేరు వైపు పిల్లలు బెంగళూరులో, నగరి వైపు పిల్లలు చెన్నైలో. ఊళ్లో మిగిలింది పెద్దవాళ్లు. వాళ్ల కోసం పరికరాలు చేసే చిన్న సంస్థలకు సాయం లేకపోలేదు. తిరుపతి ఐఐటీలో కొత్త ఆవిష్కరణలకు ఊతమిచ్చే నవావిష్కార్ ఐ-హబ్ ఉంది. వృద్ధుల సంరక్షణకు పనిచేసే సంస్థల కోసం కేంద్రం 2021లో తెచ్చిన 'సేజ్' పథకం ఒక్కో ప్రాజెక్టుకు కోటి రూపాయల దాకా వాటా పెట్టుబడి ఇస్తానంది. నమూనా తయారీకి ఇది చాలు. అది ఊళ్లోకి దిగాకే అసలు కథ.

పడిపోతే కబురందించే చేతిపట్టీనే తీసుకోండి. లోపలి సెన్సర్ రీడింగు మనిషి పడే క్షణంలో సున్నా వైపు జారుతుంది, నేల తగలగానే ఎగిరిపడుతుంది, ఆపై కదలిక ఆగుతుంది. మూడూ వరసగా వస్తే పడినట్టు లెక్క. కట్టెలు కొట్టి చెయ్యి దించినా, నులక మంచం మీద దబ్బున కూర్చుని ఊపిరి తీసుకున్నా పట్టీకి అలాగే కనిపించవచ్చు. గోడ పట్టుకుని మెల్లగా జారి కూలబడిన అవ్వ విషయంలో మాత్రం మొదటి గుర్తే రాదు, పట్టీ మౌనంగా ఉండిపోతుంది. అలారం మోగించే హద్దు తగ్గిస్తే ఉత్తుత్తి అలారాలు, పెంచితే అసలైనవి జారిపోతాయి. ఆఫీసులో పరుపు మీద పడి చూపించే కుర్రాళ్ల డేటాతో ఇది సర్దుకోదు. పాలు పితికే, గడ్డి కోసే చేతుల డేటా కావాలి. దాన్ని ఇల్లిల్లూ తిరిగి సేకరించేది ఇక్కడి చిన్న సంస్థే.

ఇంకొకటి. పట్టీ సంకేతం ఇంట్లోని పెట్టెకు, అక్కణ్నుంచి సిమ్ ద్వారా బయటికి వెళ్తుంది. కరెంటు పోయి పెట్టెలో బ్యాటరీ లేకుంటే అంతే సంగతులు. అందుకే గంటకోసారి 'ఉన్నాను' అని పెట్టె సర్వరుకు చెప్పాలి. రెండుసార్లు చెప్పకపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఆ 'ఎవరో ఒకరు' ఎవరు? బెంగళూరులోని కొడుకు వచ్చేసరికి పూటవుతుంది. 108 వస్తుంది గానీ, ఈలోపు తలుపు తీసి, తుంటి విరిగిందేమో చూసి, విరిగిందనిపిస్తే లేపకుండా పక్కన కూర్చునే మనిషి ఆ వీధిలోనే ఉండాలి. పాలకేంద్రంలో పనిచేసే అమ్మాయికి శిక్షణ ఇచ్చి నెలకింత అని ముట్టజెప్పండి. ప్రభుత్వం కొనాల్సింది పట్టీలను కాదు, పట్టీ మోగితే పది నిమిషాల్లో గడప తొక్కే ఏర్పాటును, నెలవారీ లెక్కన.

చిన్న సంస్థ రేపు మూతపడితే ప్రజాధనం ఏమవుతుందని అడుగుతారు. న్యాయమైన అనుమానమే. నెలవారీ చెల్లింపులో నష్టం ఒక నెలదే. టెండరులో ఒకేసారి కొన్న వేల పట్టీలు బీరువాలో పడితే నష్టం మొత్తం.

అసలు ఈ సంస్థల్ని ముంచేది పోటీ కాదు, రాని బిల్లు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు చేస్తే తర్వాతి ఆర్డరు పోతుందన్న భయంతో అడిగేవాళ్లే తక్కువ. పట్టీలైనా, బడి బెంచీలైనా, ఆస్పత్రి దుప్పట్లైనా చిన్నవాళ్ల బిల్లుకే చివరి వరస.

నెల ఒకటో తేదీన 4,000 రూపాయల పింఛను అవ్వ చేతిలో పెట్టగలుగుతున్న యంత్రాంగం ఇది. ఆ అవ్వను కనిపెట్టుకుని ఉండే సంస్థ బిల్లుకూ ఒక తేదీ రాసిపెట్టమనండి.