మెటల్ హాలైడ్ చోకు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చోకు గారికి,

గోదాములో పది మీటర్ల ఎత్తున కొలువుతీరిన తమకు నమస్కారాలు. మెటల్ హాలైడ్ అనే ఆర్కు దీపానికి కరెంటు మితిమీరకుండా కాపలా మీరే. అలాంటి 400 వాట్ల ల్యాంపు వెలగాలంటే పైన మీ మామూలు ఇంకో 50 వాట్లు. కరెంటు ఒక్క క్షణం పోయొస్తే ల్యాంపు అలిగేది. చల్లారి మళ్లీ వెలిగేదాకా పది పదిహేను నిమిషాలు ఫోర్క్‌లిఫ్టులు చీకట్లో నిలబడేవి. ఆ భయానికే, మనిషి తిరగని ర్యాకుల మధ్య కూడా మిమ్మల్ని రోజంతా ఆర్పకుండా మేపారు.

ఇప్పుడు అదే ఈ40 అనే పెద్ద మర హోల్డర్‌లో 150 వాట్ల ఎల్ఈడీ బల్బు బిగించారు. మిమ్మల్ని మాత్రం కదపలేదు. పైకెక్కినవాడికి వైర్లు విప్పే ఓపిక లేక మీకు సర్వీసు పొడిగింపు దక్కింది.

నిజం ఒప్పుకోవాలి: ఎల్ఈడీ తీసుకునే కొద్ది కరెంటుకు మీరొక్కరే తినేది కొన్ని వాట్లే. అసలు గొడవ మీ బంధువర్గంతో. ల్యాంపును అంటించే ఇగ్నైటర్ గారు అది ఇంకా వెలగలేదనుకుని కిలోవోల్టుల పల్సులు కొడుతుంటారు. ఆ దెబ్బకు ఎల్ఈడీకి కరెంటు అందించే లోపలి సర్క్యూటు, అంటే డ్రైవర్, చస్తే నింద ఎల్ఈడీ నాణ్యత మీదికి! ఇక కెపాసిటర్. వోల్టేజి కంటే వెనకబడే మీ లాగింగ్ కరెంటును సరిదిద్దడానికి పెట్టిన 45 మైక్రోఫారడ్ల డబ్బా 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 3.25 ఆంపియర్లు లాగుతుంది. బల్బుకు 0.75 కూడా అక్కర్లేదు. సరిదిద్దడానికి లాగింగే మిగలనప్పుడు పవర్ ఫ్యాక్టర్ (లాగినదాంట్లో నిజంగా పనికొచ్చే వంతు) లీడింగ్‌లోకి, అంటే కరెంటు వోల్టేజిని దాటి ముందుకెళ్లే వైపుకు, దూకుతుంది. వాట్లు మూడో వంతుకు పడినా కేవీఏ (వోల్టులను ఆంపియర్లతో గుణించిన లెక్క, వేలల్లో) పెరుగుతుంది. బిల్లు కేవీఏల్లో వేసేచోట పొదుపు లెక్క చూపిన మేనేజరు ముఖం ఒక్కసారి చూడండి.

కాబట్టి మీ సాగనంపు ఇలా. ఎంసీబీ ఆపి తాళం వేస్తాం. కెపాసిటర్‌ను రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి మీటరు పెట్టి చూస్తాం, దాని లోపల చార్జిని ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్‌ను నమ్మం. మీ ముగ్గురినీ విప్పి ఫేజు హోల్డర్ నడిమి కాంటాక్టుకు, న్యూట్రల్ మరకు నేరుగా ఇస్తాం. ఫిట్టింగు మీద "నేరు లైను, పాత ల్యాంపు పెట్టకూడదు" అని చీటీ అంటిస్తాం. చోకు లేకపోతే ఆర్కు కరెంటుకు అడ్డూఆపూ ఉండదు కదా.

డబ్బున్నచోట ఫిట్టింగుతో సహా దించి అసలైన ఎల్ఈడీ హైబే (ఎత్తైన కప్పులకు వాడే ఫిట్టింగు) పెట్టిస్తాం. గంట ఆకారపు షేడులో మగ్గే బల్బుకు ఊపిరాడదు, డ్రైవర్ త్వరగా పోతుంది.

ఇట్లు,
టెస్టరు చేతబట్టి నిచ్చెన కింద నిలబడ్డవారు