బొబ్బర్లలో రోజుల లెక్క సరే, క్వింటాళ్ల లెక్క ఎక్కడిది?

కొత్త బొబ్బర రకం వచ్చిందంటే రైతు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎన్ని రోజుల పంట? ఎకరానికి ఎంత వస్తది? విత్తనం ఇచ్చేవాళ్లు రెండింటికీ ఒకే ధీమాతో జవాబు చెప్పేస్తారు. నా అభ్యంతరమల్లా అక్కడే. పంటకాలం తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు చాలావరకు నమ్మకంగా దిగుతుంది. దిగుబడి అట్లా దిగదు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో బొబ్బర మళ్లీ నిలబడాలంటే పరిశోధన ఈ తేడా నుంచే మొదలవ్వాలి.

పూత ఎప్పుడొస్తుందనేది చాలావరకు జన్యువుల చేతిలోనే ఉంటుంది, పగటి పొడవు కూడా దాన్ని మారుస్తుంది. కొన్ని నాటు రకాలను జూన్‌లో వేస్తే తీగ సాగుతూనే ఉంటాయి, పగలు తగ్గితే గానీ పూతకు రావు. పగటి పొడవును పట్టించుకోని రకాలతో వాటిని సంకరం చేస్తే (రెండు రకాలను కలిపి కొత్త మొక్క పుట్టిస్తే) ఆ మొక్కల విత్తనం వేసిన రెండో తరంలోనే తొందరగా పూసే మొక్కలు విడిగా కనబడతాయి. వాటిని కంటితో చూసి ఏరుకోవచ్చు. నైజీరియాలోని ఇబాదన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో బొబ్బర శాస్త్రవేత్త బి.బి. సింగ్ బృందం 60 రోజుల్లో కోతకొచ్చే రకాలు తీసింది. తర్వాత ఆయన ఉత్తరాఖండ్‌లోని పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పనిచేసినప్పుడు పంత్ లోబియా అనే బొబ్బర రకాలు వచ్చాయి.

దిగుబడి సంగతి వేరు. మొక్కకు కాయలెన్ని, కాయలో గింజలెన్ని, గింజ బరువెంత అనే మూడూ కలిస్తేనే దిగుబడి. ఇవి ఒకదాన్నొకటి లాగుతుంటాయి. గింజ లావైతే చాలాసార్లు కాయల సంఖ్య తగ్గుతుంది. పైగా వాన, కాయను తొలిచే మారుకా పురుగు, పక్క మొక్క నీడ అన్నీ చేయి వేస్తాయి. రెండో తరంలో ఒక మొక్క విరగకాసిందంటే అది దాని జన్యువుల గొప్పో, దాని కింద పడ్డ పిడికెడు పెంట గొప్పో ఎవరూ చెప్పలేరు. అందుకే దిగుబడి కోసం ఏరడాన్ని ఐదారు తరాల దాకా ఆపి, అప్పుడు వరుసలుగా, పలుచోట్ల వేసి చూడాలి.

సంకరంలో మొదటి తరం చూపే జోరు గురించి పరిశోధన పత్రాల్లో పట్టికలకు పట్టికలే ఉంటాయి. రైతుకు దానితో పనిలేదు. బొబ్బర తన పువ్వులో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది కాబట్టి ఆ జోరుకు మూలమైన మిశ్రమ జన్యుస్థితి, అంటే తల్లి, తండ్రి రకాల వేర్వేరు జన్యువులు జతగా ఉండటం, తరానికి సగం చొప్పున కరిగిపోయి, ఐదో తరానికి పదహారో వంతే మిగులుతుంది. ఇంట్లో విత్తనం దాచుకునే పంటలో స్థిరంగా నిలిచే గుణమే లెక్కలోకి వస్తుంది.

మన ఇళ్లలో ముందుగా ఎండిన కాయలను విత్తనానికని ఆడవాళ్లు పక్కన పెట్టే అలవాటుంది. నాటు విత్తనం కలగలుపుగా ఉంటే ఆ ఏరివేత నిజంగానే పంటకాలాన్ని ముందుకు జరుపుతుంది. అదే ఒకే శుద్ధ వరుస, అంటే జన్యువులన్నీ ఒకే తీరుగా ఉన్న ఒకే మొక్క సంతానం, అయితే ఎంత ఏరినా మారదు. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సెన్ 1903లోనే బీన్స్ గింజలపై ఈ విషయం తేల్చాడు. అందుకే ఊళ్లలో మిగిలిన కలగలుపు విత్తనాన్ని వెనకబాటుగా చూడటం నాకు నచ్చదు. సంకరానికి ముడిసరుకు అందులోనే ఉంది.

స్వల్పకాలిక రకానికి ఆకు తక్కువ, కాయ తక్కువ, కాబట్టి దిగుబడీ తక్కువే అంటారు. వానలు బాగుంటే నిజమే. కానీ ఎర్ర చెలక నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. ఆగస్టులో వాన ముఖం చాటేస్తే 90 రోజుల రకానికున్న అదనపు సామర్థ్యం కాగితం మీదే ఉండిపోతుంది. ఇక్కడ ఎకరానికి ఎంత అని కాదు, రోజుకు ఎంత అని అడగాలి.

ఇంకో చిక్కుంది. ప్రయోగ క్షేత్రంలో రకాలను సాధారణంగా ఏకపంటగా వేసి తూకం వేస్తారు. ఇక్కడి రైతు మాత్రం బొబ్బరను ఎక్కువగా కంది, జొన్న, ఆముదం సాళ్ల మధ్యనే వేస్తాడు. కంది మొదటి రెండు నెలలు నెమ్మదిగా పెరుగుతుంది. ఆ ఖాళీలోనే బొబ్బర కోతకు రావాలి. ఏకపంటలో మొదటి స్థానంలో నిలిచి బాగా తీగ సాగే రకం కంది మీదికెక్కి రెండు పంటలనూ పాడుచేయొచ్చు.

కాయలన్నీ ఒకేసారి పండటం గురించి తక్కువ మాట్లాడుతున్నాం. నాలుగుసార్లు కూలీలను పెట్టి కాయ తెంపిస్తే మిగిలేది గుడాలకే సరిపోతుంది. బొబ్బర్లకు కేంద్రం కనీస మద్దతు ధర కూడా లేదు. ఇంట్లో నిలవుండే విత్తనం మీద కంపెనీలు పెద్దగా డబ్బు పెట్టవు, కాబట్టి భారం ప్రభుత్వ పరిశోధనదే. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట్ల రకాలను కంది సాళ్ల మధ్యే వేసి చూడాలి. ముందు రోజులను బట్టి వడగట్టి, ఆ తర్వాత మొదటి కోతలో ఎన్ని కిలోలు, మొత్తం ఎన్ని కోతలు, కంది ఎంత తగ్గింది అనే మూడు అంకెలనూ పక్కపక్కన ప్రకటించాలి. విత్తన సంచి మీద క్వింటాళ్లు రాసేటప్పుడు అవి ఏ నేలలో, ఏ పంట పక్కన వచ్చాయో కూడా రాయాలి.